ఒడినిండా తప్పులు

సిస్టర్ ఫిలోమిన తరగతిలో ఎవరూ నోరు తెరవడం లేదు.

గన్నేరుపాడు పల్నాడులో మిరపచేల నడుమ ఉన్న చిన్న ఊరు. అక్కడి కన్యస్త్రీల మఠానికి ఆనుకుని ఆడపిల్లల బడి ఉంది. చదువంతా తెలుగులోనే. ఇంగ్లీషుకి రోజుకొక్క పీరియడు. ఆ పీరియడు చెప్పడానికే బెంగుళూరులో శిక్షణ ముగించుకుని ఇరవై ఆరేళ్ళ ఫిలోమిన జూన్‌లో వచ్చింది.

ఇప్పుడు ఫిబ్రవరి. ఏడో తరగతిలో ముప్పై ఎనిమిది మంది. రాయమంటే రాస్తారు. చదవమంటే చదువుతారు. మాట్లాడమంటే మాత్రం తల వంచుకుని బల్లమీద సిరామరకలు చూస్తూ కూర్చుంటారు.

ఫిలోమిన ఇంగ్లీషు చాలా మంచిది. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా ఆమెకే తెలుసు. ఆమెకొక పద్ధతి ఉంది. పిల్ల నోట తప్పు రాగానే అక్కడికక్కడే ఆపాలి, దిద్దాలి, మళ్ళీ మొదటినుంచి చెప్పించాలి.

"తప్పుని వాక్యం చివరిదాకా పోనిచ్చామా, అక్కడే కాపురం పెడుతుంది" అనేది.

జూన్‌లో పిల్లలు బాగానే వాగారు. దసరా నాటికి నలుగురు మిగిలారు. క్రిస్మస్ తరవాత తరగతి మొత్తానికి ఒకే ఒక్క వాక్యం మిగిలింది.

"మే ఐ గో అవుట్, సిస్టర్?"

అందులో దిద్దడానికేమీ లేదు. ఆ రహస్యం పిల్లలు కనిపెట్టేశారు. ఒక బుధవారం నాడు ఒక్క పీరియడులోనే పదిహేడు మంది అడిగారు. అడిగిన తీరు అంత చక్కగా ఉన్నాక పంపక తప్పలేదు. మిగిలిన ఇరవై ఒక్కరికి ఆమె పాఠం చెబుతుంటే, బయట నీళ్ళకుండ దగ్గర పదిహేడు మందీ గలగలా తెలుగులో చెప్పుకుంటున్న కబుర్లు కిటికీలోంచి వినబడుతూనే ఉన్నాయి.

దసరా నాటికి మిగిలిన ఆ నలుగురిలో చివరిదాకా నిలబడింది మరియరాణి ఒక్కతే.

మరియరాణికి చెప్పకుండా ఉండటం చేతకాదు. ఏది చూసినా ఎవరికో ఒకరికి చెప్పాలి. ఫిబ్రవరిలో లూర్దుమాత పండగ అయిన మర్నాడు తరగతిలో తనే లేచి చెయ్యెత్తింది. తేరు ఊరేగింపులో వాళ్ళ మేక ఏదో చేసింది. అది ఇంగ్లీషులో చెప్పాలని రాత్రంతా అనుకుని వచ్చింది.

"యెస్టర్‌డే ఐ గో ఫెస్టివల్."

"వెంట్. ఐ వెంట్ టు ద ఫెస్టివల్. మొదటినుంచి."

"యెస్టర్‌డే ఐ వెంట్ టు ద ఫెస్టివల్. మై మదర్ బ్రింగ్ గోట్."

"బ్రాట్. బ్రాట్ ద గోట్. మొదటినుంచి."

పదకొండుసార్లు పండక్కి బయల్దేరింది పిల్ల. పదకొండుసార్లూ మేకతో సహా గుమ్మంలోనే ఆగిపోయింది. తరగతి అంతా ముందుకు వంగి కూర్చుంది, మేక ఏం చేసిందోనని. గంట కొట్టారు. మేక ఏం చేసిందో ఎవరికీ తెలియలేదు.

మర్నాడు మరియరాణి బడికి రాలేదు. ఆ తరవాత నాలుగు రోజులూ రాలేదు.

మఠానికి పెద్ద మదర్ ఆరోగ్యమ్మ. డెబ్భై ఆరేళ్ళ మనిషి. ఆ ఊళ్ళో ఇప్పుడు అవ్వలైన వాళ్ళకి కూడా ఒకప్పుడు ఆమే ఇంగ్లీషు చెప్పింది. ఇప్పుడు బడి పని మానేసి మఠం పెరడూ కోళ్ళూ చూసుకుంటోంది. మఠంలోని చిన్న సిస్టర్లందరికీ ఆమే గురువు. ఏ అనుమానం వచ్చినా ఆమె దగ్గరికే వెళతారు. ఆమె ఎక్కువ మాట్లాడదు.

శుక్రవారం సాయంత్రం ఫిలోమిన వెళ్ళింది.

"మదర్, నేను చెప్పేదాంట్లో లోపం లేదు. రోజూ రెండు గంటలు తయారై వెళుతున్నాను. అయినా ఈ పిల్లలు మాట్లాడరు. వీళ్ళ నోళ్ళు ఎట్లా తెరిపించాలో మీరు చెప్పండి."

మదర్ టమాటా మొక్కకి కర్ర కడుతోంది. ముడి బిగించాక అడిగింది.

"శౌరమ్మ కూతురు మరియ ఎందుకు రావడం లేదు?"

"మిరప కోతకి పోతోందట మదర్. వాళ్ళ చేలోనే."

"అయితే రేపు మనమూ పోదాం. నువ్వు కూడా కాసిని కోద్దువుగాని."

"నేనా?"

"ఎప్పుడైనా కోశావా?"

"లేదు మదర్. మాది విశాఖపట్నం."

"మంచిది" అంది మదర్, ఇంకో కర్ర అందుకుంటూ.

శనివారం పొద్దున్నే ఇద్దరూ చేనికి వెళ్ళారు. శౌరమ్మది రెండెకరాల మిరప. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పదిమంది, చీరకొంగులు నడుముకి ఒడిలా కట్టుకుని, వరసకొకరు కోస్తున్నారు. వాళ్ళ మధ్య మరియరాణి, తలకి తువ్వాలు చుట్టుకుని. సిస్టర్ని చూడగానే మొక్కల్లోకి వంగిపోయింది.

"ఏందమ్మా ఇట్టా వచ్చారు?" శౌరమ్మ కంగారుగా ఎదురొచ్చింది. "బడికి పొమ్మంటానే ఉండా. అదే పోనంటంది."

"దాని కోసం కాదులే" అంది మదర్. "మా సిస్టర్‌కి కోత నేర్పుదామని తీసుకొచ్చాను. ఒక వరస ఇవ్వు."

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. తెల్లచీరలో ఉన్న సిస్టర్‌కి శౌరమ్మే ఒడి కట్టింది. మదర్ గట్టుమీద, వరస మొదట్లో, గొడుగు వేసుకుని కూర్చుంది.

"పండింది కోయాలి. తొడిమతో కోయాలి. కొమ్మ విరగకూడదు" అంది. "ఊఁ, కానీ."

ఫిలోమిన ఒక ఎర్రటి కాయ పట్టుకుని లాగింది. కాయ వచ్చింది.

"తొడిమ ఏదీ?"

తొడిమ మొక్కకే ఉంది.

"పారెయ్. మళ్ళీ మొదటినుంచి."

"మొదటినుంచా? ఇదే మొదటిది కదా మదర్."

"అయితే ఇంకా సులువు."

రెండో కాయ సరిగా వచ్చింది. మూడోదీ వచ్చింది. ఐదు కాయలు ఒడిలో పడేసరికి ఆమెకి హుషారొచ్చి రెండో మొక్క దగ్గరికి జరిగింది. అక్కడ కోసిన కాయ ముందువైపు ఎర్రగా ఉంది.

"వెనక్కి తిప్పు" అంది మదర్.

వెనకవైపు పచ్చగా ఉంది.

"ఒడి దులుపు. మొదటి మొక్క దగ్గరికి రా."

"ఆ ఐదూ బాగానే ఉన్నాయి మదర్!"

"మొదటినుంచి."

మఠంలో చేరేటప్పుడు ఫిలోమిన విధేయతా వ్రతం పట్టింది. పెద్దల మాటకి ఎదురు చెప్పకూడదు. ఆ వ్రతం బరువెంతో ఆమెకి ఆ పూట తెలిసింది. ఒడి దులిపి వెనక్కి వచ్చింది.

తరవాత కోసింది తాలుకాయ, అంటే తెల్లబారి పాలిపోయిన కాయ. దులుపు. ఆ తరవాత కాయతోపాటు కొమ్మ కూడా వచ్చింది. దులుపు. ఒకసారి అన్నీ సరిగానే కోసి తొమ్మిదో కాయ దాకా పోయింది. అప్పుడు అనుమానం పట్టుకుంది. ఇది పండిందా, లేదా? ఇది తాలా, కాదా? కాయ పట్టుకుని మదర్ వంక చూసింది. వదిలేసి ఇంకోటి పట్టుకుంది. మళ్ళీ మదర్ వంక చూసింది.

"మొక్కని చూడవేం? నా మొహాన కాసినయ్యా కాయలు?" అంది మదర్.

వరసల్లో ఆడవాళ్ళు చెంగులు నోట్లో కుక్కుకున్నారు. మాణిక్యమ్మ అనే ఆవిడ ఆపుకోలేకపోయింది.

"మదరమ్మా, ఆ లెక్కన అయితే మాకు ఈ కోత వచ్చే ఏడు ఉగాదికి అయిద్ది!"

పది గంటలయ్యేసరికి అందరి ఒడులూ నాలుగేసిసార్లు నిండి గోనెపట్టా మీద ఎర్రటి రాశి లేచింది. ఫిలోమిన మొదటి మొక్క దగ్గరే ఉంది. ఒడిలో నాలుగు కాయలు ఉన్నాయి.

చెమట కళ్ళలోకి కారింది. తుడుచుకుంది. తుడుచుకున్నది కారం చేత్తో.

కెవ్వున అరిచింది. శౌరమ్మ బిందె పట్టుకుని పరుగెత్తుకొచ్చి మొహాన నీళ్ళు కొట్టింది. కాసేపటికి కళ్ళు తెరిచింది సిస్టర్. రెండూ మిరపపళ్ళలాగే ఉన్నాయి.

"ఏడుస్తున్నావా?" అంది మదర్.

"లేదు మదర్. కారం."

"సరే. తుడుచుకున్న చేతులతో మళ్ళీ మొదటి..."

ఫిలోమిన లేచి నిలబడింది. చీర నిండా మట్టి, ముక్కు నిండా ఘాటు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మే ఐ గో అవుట్, మదర్?"

బడి ఎరగని ఆ ఆడవాళ్ళకి ఆ మాట అర్థం కాలేదు. మదర్ కాక అర్థమైన మనిషి చేలో ఒక్కటే ఉంది. ఆ ఒక్క మనిషీ ఆరు వరసల అవతల మొక్కల్లోంచి పకపకా నవ్వింది. ఎంత నవ్విందంటే, తువ్వాలు ఊడి కింద పడింది.

ఫిలోమిన మొహం ఎర్రబడింది. అది కారం వల్ల కాదు.

"చక్కగా అడిగావు" అంది మదర్. "వెళ్ళు."

సిస్టర్ పోయి చేని చివర గట్టుమీద కూర్చుంది. వేళ్ళు మండుతున్నాయి. మదర్ గొడుగు కిందే జపమాల తీసి ప్రార్థన మొదలుపెట్టింది. ఇక ఇటువైపు చూడలేదు.

కాసేపటికి పక్కన ఎవరో నిలబడ్డట్టయింది.

"నా పక్క వరస పట్టుకోండి సిస్టర్" అంది మరియరాణి. "మదర్‌కి కనపడకుండా నేను అడ్డం ఉంటాలే."

"నాకు రాదు మరియా. ఏది పండిందో కూడా తెలియడం లేదు."

"ఎవురికి తెలుసుద్ది సిస్టర్, మొదట్లో? చేతికొచ్చింది కోసి ఒళ్ళో ఏసుకుంటా పోవాల. తాలుకాయలు, పచ్చికాయలు అయ్యన్నీ తర్వాత కళ్ళంలో ఆరబోసినప్పుడు మా అమ్మా వాళ్ళు కూర్చుని ఏరతారు. ఇక్కడే ఏరతా కూర్చుంటే కోసేదెప్పుడు?"

ఫిలోమిన లేచింది. మరియరాణి పక్క వరసలోకి దిగింది. పిల్ల రెండు చేతులతో కోస్తోంది. నోరు ఊరుకోవడం లేదు.

"మా మేక ఏం చేసిందో తెలుసా సిస్టర్?"

"ఏం చేసింది?"

"తేరుకి అరటాకులు కట్టారు గదా, పచ్చగా నవనవలాడతా. మా అమ్మ మేకని పట్టుకుని నుంచుంది. బ్యాండు మొదలవగానే అది తాడు తెంపుకుని ఒక్క దూకు దూకి తేరెక్కింది!"

"తేరు మీదికా?"

"మరి! మాత విగ్రహం పక్కనే నుంచుని ఆకులు నముల్తా ఉంది. గుళ్ళో ఉపదేశి జోజయ్య తాత దించబోతే ఆయన కండువా అందుకుంది. ఆయన ఇటు లాగుతాడు, అది అటు లాగుద్ది. బ్యాండోళ్ళకి తెలవదు, వాళ్ళు వాయించుకుంటా పోతానే ఉండారు. కండువా పట్టుకుని తాత తేరెనకాల పరిగెత్తతానే ఉండాడు. ఈది మలుపులో చూపు ఆనని రాయలమ్మ అవ్వ దండం పెట్టి, ఈయేడు తేరు మీద దేవదూతని కూడా పెట్టారా నాయనా, అందీ!"

వరసల్లో అందరూ ఆ సంగతి కళ్ళారా చూసినవాళ్ళే. అయినా మళ్ళీ నవ్వారు. ఫిలోమిన నడుం పట్టుకుని నవ్వింది. నవ్వుతూ వరస చివరికి వచ్చింది. చూసుకుంటే ఒడి బరువుగా ఉంది.

మధ్యాహ్నం గంజి తాగే వేళకి అందరూ పట్టా దగ్గర చేరారు. సిస్టర్ తన ఒడి విప్పి కుమ్మరించింది. ఎర్రకాయలు పడ్డాయి. పచ్చికాయలు పడ్డాయి. తాలుకాయలు, తొడిమ లేనివి, ఆకులు, పుల్లలు పడ్డాయి. చివర్లో ఒక గొంగళిపురుగు పడి మెల్లగా నడిచి పోయింది.

ఫిలోమిన మదర్ వంక భయంగా చూసింది.

మదర్ వంగి ఆ కుప్పని చేత్తో కొంచెం కదిపి చూసింది. ఒక పండుకాయ తీసి వాసన చూసింది. దాన్ని రాశిలో వేసింది.

"ఏరితే ముప్పాతిక పనికొస్తాయిలే సిస్టరమ్మా" అంది శౌరమ్మ. "మా మరియ మొదటి ఏడు ఇంతకంటే అన్నేయంగా కోసింది."

ఇంటికి బయల్దేరేముందు ఫిలోమిన పిల్ల దగ్గరికి వచ్చింది.

"సోమవారం బడికి రా మరియా."

మరియరాణి కాలి బొటనవేలితో మట్టి గీకింది.

"వస్తా. కానీ చెప్పేటప్పుడు నన్ను మధ్యలో ఆపకూడదు సిస్టర్. ఆపితే నాకు మేక మర్చిపోయిద్ది."

"ఆపను."

"ఒట్టు?"

"ఒట్టు పెట్టుకోకూడదు మేము."

"అయితే ఊరికే చెప్పండి."

"చివరిదాకా ఆపను. మాట."

సోమవారం మరియరాణి వచ్చింది. హాజరు వేయగానే చెయ్యెత్తింది. ఫిలోమిన తల ఊపింది. పిల్ల తరగతి ముందుకొచ్చి నిలబడి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"సాటర్‌డే సిస్టర్ కమ్ అవర్ చిల్లీ."

ఫిలోమిన చేతిలో సుద్దముక్క ఠక్కున విరిగింది. నోరు కదల్లేదు.

"సిస్టర్ పిక్ వన్ చిల్లీ. మదర్ టెల్ నో. సిస్టర్ పిక్ వన్ మోర్ చిల్లీ. మదర్ టెల్ నో నో."

తరగతిలో ఎవరో కిసుక్కుమన్నారు. మరియరాణి ఆగి సిస్టర్ వంక చూసింది. సిస్టర్ పెదాలు రెండూ లోపలికి మడిచి, పళ్ళ మధ్య బిగబట్టి ఉంచింది.

"తర్వాత?" అంది, కాస్త వదిలి.

"సిస్టర్ ఐస్ ఈజ్ ఫైర్. సిస్టర్ క్రై. బట్ సిస్టర్ టెల్ నాట్ క్రై, ఓన్లీ చిల్లీ."

ముప్పై ఏడు మంది బల్లలు గుద్ది నవ్వారు. ఫిలోమిన బల్లమీది కాగితం మీద ఏదో రాసుకుంటోంది. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"వై మదర్ టెల్ నో? బికాజ్ చిల్లీ... చిల్లీ..." పిల్ల తడుముకుంది. వేళ్ళతో గాల్లో ఏదో పట్టుకుని చూపించింది. "సిస్టర్, తొడిమని ఏమంటారు?"

ఆ ఏడాదిలో ఆ తరగతిలో ఒక పిల్ల ఆమెని ఒక ఇంగ్లీషు మాట అడగడం అదే మొదటిసారి.

"స్టెమ్" అంది ఫిలోమిన.

"బికాజ్ స్టెమ్ ఈజ్ గాన్!"

వెనక బల్లమీద నాగరత్నం అనే పిల్ల ఉంది. జూన్ నుంచి ఇప్పటిదాకా ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో సిస్టర్‌కి తెలియదు. ఆ పిల్ల కూర్చున్నచోటినుంచే అరిచింది.

"హౌ మెనీ చిల్లీ సిస్టర్ పిక్?"

"ఫోర్!"

"ఫోర్ ఓన్లీ?"

"ఓన్లీ ఫోర్" అంది మరియరాణి, సిస్టర్ పరువు కాపాడుతున్నట్టు గంభీరంగా. "బట్ వెరీ కరెక్ట్ చిల్లీ!"

ఇక తరగతిలో ఎవరూ కూర్చోలేదు. మా నాన్న చేలో అయితే అంటూ ఒకతె, మా అమ్మకి పాము కనపడింది అంటూ ఇంకొకతె, వచ్చిన ఇంగ్లీషుతో లేచారు. రానిచోట చేతులు ఊపారు. పాము చెట్టు 'డ్రింక్' చేసింది. నాన్న బావిలో 'ఫ్లై' అయ్యాడు. గంట కొట్టినా ఎవరూ వినలేదు. పక్క తరగతి సిస్టర్ వచ్చి గుమ్మంలో నిలబడి, ఎవరికి దెబ్బ తగిలిందని అడిగి వెళ్ళింది.

ఎవరూ బయటికి వెళ్ళడానికి అనుమతి అడగలేదు.

ఆ సాయంత్రం ఫిలోమిన పెరట్లోకి వెళ్ళింది. మదర్ కోళ్ళకి నూకలు చల్లుతోంది. ఫిలోమిన చేతిలో రెండువైపులా నిండిపోయిన కాగితం ఉంది.

"మదర్, ఇవ్వాళ నా తరగతిలో ఎనభై ఏడు తప్పులు దొర్లాయి."

మదర్ చెయ్యి ఆగలేదు.

"మంచి దిగుబడి" అంది.